గెలీలియో మహాశయుడు - విసరిన రాతి మార్గము

ఇటలీ దేశమునందలి పీసా నగరమున 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన గెలీలియో గెలీలీ జన్మించెను. తండ్రి విన్చెంజో సంగీత విద్వాంసుడు, తంత్రీవాద్యమున నిపుణుడు, కాని సంపన్నుడు కాడు. కుమారుడు వైద్యుడై కుటుంబమును గట్టెక్కించునని యాశించి పీసా విద్యాపీఠమునకు బంపెను. కుమారుని మనస్సు యూక్లిడు రేఖాగణితముపై లగ్నమయ్యెను. 1585లో పట్టము పొందకయే అతడు విద్యాపీఠమును వీడెను. పట్టము లేని యా యువకుడే 1589లో నచ్చటనే గణితోపాధ్యాయుడయ్యెను! 1592లో వెనీసు ప్రభుత్వమునకు లోబడిన పాదువా నగరమునకు బోయి పదునెనిమిదేండ్లు బోధించెను.

పీసా గోపురముపైనుండి గుండ్లను జారవిడిచిన కథ మన బాలురందరికిని దెలిసినదే. దానిని శిష్యుడు వివియానీ వ్రాసెను గాని గెలీలియో గ్రంథములలో నది కానరాదు. కావున విస్తరింపను. అతడు నిజముగా జేసినది అంతకంటె నోపికతో గూడిన పని. ఏటవాలు పలకపై గాడి తీసి, అందు కంచుగుండును దొర్లించి, సన్నని ధారగా బడు నీటిని తూచి కాలమును గొలిచెను. సమానకాలములలో గుండు నడచు దూరములు 1, 3, 5, 7 అను వరుసన బెరుగుచుండెను.

ఫిరంగి గుండు తన బలము తీరువరకు తిన్నగా బోయి పిదప క్రిందబడునని పూర్వులలో బెక్కురు దలచిరి. గెలీలియో బల్లయంచునుండి గుండ్లను దొర్లించి, అవి పడినచోట్లను గొలిచెను. 1608 ప్రాంతమున నతడు వ్రాసికొన్న యా కాగితములు నేటికిని ఫ్లారెన్సు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

నేలకు సమముగా ముందుకు సాగు గమనమొకటి, క్రిందికి బడు గమనమొకటి. రెండును ఏకకాలమున జరుగుచున్నను ఒకదాని నొకటి చెరుపవు. మొదటిదాని వేగము మారదు, రెండవదానిది క్షణక్షణము పెరుగును. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాబోటివాని కీ పద్ధతి మిక్కిలి నచ్చినది: పద్దులు రెండు, తేదీ యొకటే. 20 మీటర్ల మేడపైనుండి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగముతో నేలకు సమముగా విసరితి మనుకొనుడు. ముందు పడు పద్దు చూడవలెను. మొదటి సెకనున నించుమించు 5 మీటర్లు, రెండవదానిలో 15, మొత్తము 20. అనగా 2 సెకనులలో నేల జేరును. ఆ 2ను రెండవ పద్దునకు దెచ్చి 10తో గుణించిన, బంతి 20 మీటర్ల దూరమున బడును. ఊరక జారవిడిచిన బంతియు ఆ 2 సెకనులకే నేల దాకును. మన పిల్లలు పరీక్షలలో దడబడుట యిచ్చటనే. రెండు పద్దులను గలిపివేయుదురు.

ఈ రెండు గమనములు కూడి గీయు దారి పరావలయము. శంకువును కోసి గ్రీకు పండితులు శోధించిన యా వక్రరేఖయే రాతి మార్గమని తెలియుట కెన్నియో శతాబ్దములు పట్టెను. 45 అంశల కోణమున విసరిన గుండు మిక్కిలి దూరము పోవునని 1537లోనే టార్టాగ్లియా చెప్పెను. గెలీలియో దానిని నిరూపించుటయే గాక, 40 అంశలకును 50 అంశలకును పోవు దూర మొకటే యని చూపెను. గాలి యడ్డగింత యీ లెక్కను జెరుపునని దాచక యొప్పుకొనెను.

ఈ విషయము గ్రంథరూపము దాల్చుటకు ముందే యాపద వచ్చిపడెను. భూభ్రమణమును సమర్థించు గ్రంథమును 1632లో ప్రకటించినందున, 1633లో రోమునగరమున మతాధికారులు విచారించి, మోకరింపజేసి, తన మతమును త్యజింపజేసిరి. పిమ్మట ఫ్లారెన్సు చెంతనున్న ఆర్చెత్రీ గృహమున నిర్బంధము. మరుసటి యేటనే, సన్యాసినియైన ప్రియపుత్రిక మరియా చెలెస్తె 33వ యేట మరణించెను. డెబ్బదియేండ్ల వృద్ధు డంతటి దుఃఖమున గూడ పాదువానాటి కాగితములను ముందు బెట్టుకొని గమనశాస్త్రమును వ్రాయసాగెను. అతని గ్రంథముల ముద్రణమునకు నిషేధ ముండుటచే వ్రాతప్రతి హాలండుకు జేరి, 1638లో లైడెను నగరమున నెల్జెవీరువారిచే నచ్చయ్యెను. అప్పటి కతనికి రెండు కన్నులును పోయినవి. తన గ్రంథమును చేతితో దడవుటయే గాని చూచు భాగ్యము లేకపోయెను.

1642 జనవరి 8వ తేదీన గెలీలియో మరణించెను. ఘనముగా సమాధి గట్ట నెంచిన ఫ్లారెన్సు ప్రభువునకు మతాధికారు లడ్డుదగిలిరి. శాంతా క్రోచె దేవాలయమున నొక చిన్నగదిలో నాతని శరీరమును బూడ్చిరి. 1737లో గాని దానిని ప్రధానమందిరములోనికి మార్పలేదు.