ఆన్ ఫ్రాంక్ అజ్ఞాతవాసము

పాండవులు విరాటుని కొలువులో ఒక సంవత్సరము అజ్ఞాతవాసము చేసిన కథ మనకు తెలిసినదే. వారు మారువేషములు ధరించి నలుగురిలో తిరుగగలిగిరి. ఇరువదవ శతాబ్దమున ఐరోపా ఖండములో ఒక బాలిక తనవారితోను, మరి నలుగురితోను కలసి రెండు సంవత్సరములకు పైగా అజ్ఞాతవాసము చేసెను. ఆ కాలములో ఆమె ఒక్కసారియైనను వీధిలో అడుగు పెట్టలేదు. పగటివేళ గట్టిగా మాటాడుటకైనను ఆమెకు వీలులేకపోయెను. ఆ బాలికయే ఆన్ ఫ్రాంక్.

ఆన్ 1929వ సంవత్సరము జూన్ 12వ తేదీన జర్మనీ దేశములోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. ఆమె తండ్రి ఆటో ఫ్రాంక్, తల్లి ఎడిత్. ఆమెకు మార్గట్ అను అక్క యుండెను. వారు యూదులు. ఆటో మొదటి ప్రపంచయుద్ధములో జర్మను సైన్యమున అధికారిగా పనిచేసినవాడు. అయినను 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిదప ఆ సేవకు విలువ లేకపోయెను. దేశమునకు కలిగిన కష్టములన్నింటికిని యూదులే కారణమని నాజీలు ప్రచారము చేసి, వారిని ఉద్యోగములనుండి తొలగింపసాగిరి. ఆటో ముందుచూపు గలవాడు. అతడు ఆ సంవత్సరమే హాలెండు దేశములోని ఆమ్‌స్టర్‌డాం నగరమునకు పోయి, పండ్ల మురబ్బా చిక్కబడుటకు వాడు పెక్టిన్ అను పదార్థమును అమ్ము వ్యాపారము ప్రారంభించెను. ఆన్ 1934 ఫిబ్రవరిలో అచటికి చేరెను. ఆమె త్వరలోనే డచ్చి భాష నేర్చుకొని, బడిలో మాటకారియైన పిల్లగా పేరు తెచ్చుకొనెను.

ఆ ప్రశాంతత ఎంతోకాలము నిలువలేదు. 1940 మే 10వ తేదీన జర్మను సేనలు హాలెండుపై దండెత్తి, అయిదు దినములలో ఆ దేశమును లోబరచుకొనెను. పిమ్మట యూదులపై ఒకదాని వెనుక నొకటిగా నిషేధములు వచ్చినవి. యూదుల పిల్లలు వేరు పాఠశాలలలో చదువవలెను. సినిమాలకు, ఉద్యానవనములకు పోరాదు. ట్రాము బండి యెక్కరాదు. సైకిళ్లను ప్రభుత్వమునకు అప్పగింపవలెను. రాత్రి ఎనిమిది గంటల తరువాత ఇల్లు కదలరాదు. 1942 మే నుండి ప్రతి యూదుడును ఉడుపుపై పసుపుపచ్చని నక్షత్రపు గుర్తు ధరింపవలసి వచ్చెను.

ఆ సంవత్సరము జూన్ 12వ తేదీన ఆన్‌కు పదమూడేండ్లు నిండెను. ఆనాడు ఎరుపు తెలుపు గళ్ల అట్టగల యొక డైరీ ఆమెకు కానుకగా లభించెను. మూడు వారములు గడచునంతలో, జూలై 5వ తేదీన, పదునారేండ్ల మార్గట్‌ను జర్మనీలోని శ్రమశిబిరమునకు రమ్మని ఆజ్ఞ వచ్చెను. మరునాడే ఆ కుటుంబము ఇల్లు విడిచెను. చేత పెట్టెలు కనబడిన అనుమానము కలుగును. కావున వారు బట్టలమీద బట్టలు తొడుగుకొని, వానలో తడియుచు ఆటో కార్యాలయమునకు చేరిరి.

ఆ కార్యాలయము ప్రిన్సెన్‌గ్రాట్ కాలువ యొడ్డున 263వ సంఖ్యగల భవనములో నుండెను. దాని వెనుక భాగమున పై అంతస్తులలో కొన్ని గదులును, ఒక అటకయు కలవు. అవియే వారి నివాసమయ్యెను. ఒక వారమునకు వాన్ పెల్స్ దంపతులును, వారి కుమారుడు పీటరును వచ్చిరి. నవంబరులో ఫ్రిట్జ్ ఫెఫర్ అను దంతవైద్యుడు చేరెను. ఇట్లు మొత్తము ఎనమండుగురైరి. లోనికి పోవు ద్వారము కానరాకుండ దాని ముందు తలుపువలె కదలు పుస్తకముల బీరువా నొకటి అమర్చిరి.

బయటివారి తోడ్పాటు లేనిచో ఆ యెనమండుగురు ఒక నెలయైనను బ్రదికియుండరు. ఆటోవద్ద పనిచేయు మీప్ గీస్, బెప్ వోస్కైల్, విక్టర్ కూగ్లర్, యోహాన్నెస్ క్లైమన్ అను నలుగురు ఆ భారము వహించిరి. మీప్ భర్త యాన్ రహస్యముగా రేషను చీట్లు సంపాదించెడివాడు. బెప్ తండ్రి ఆ బీరువాను స్వయముగా చేసెను. సహాయము కోరినప్పుడు మీప్ వెంటనే అంగీకరించెను. యూదులను దాచినవారికి చెరసాల, నిర్బంధ శిబిరము తప్పవని వారందరికిని తెలియును. అయినను వారు ప్రతిదినము కూరగాయలు, రొట్టెలు, వార్తలు తెచ్చిరి. వారమునకొకసారి గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చిరి.

క్రింది గిడ్డంగిలో పనిచేయువారికి ఈ రహస్యము తెలియదు. కావున పగలంతయు ఆ యెనమండుగురు జోళ్లు విడిచి నడచెడివారు, గుసగుసలతో మాటాడెడివారు, మరుగుదొడ్డిలో నీరైనను వదలెడివారు కారు. దగ్గు వచ్చినను భయమే. అంత ఇరుకులో పోట్లాటలు కలుగుట సహజము. ఆహారమునుగూర్చి, పాత్రలనుగూర్చి పెద్దలు వాదించుకొనెడివారు. ఆన్ ఫెఫర్‌తో ఒకే గదిలో నుండవలసి వచ్చెను. అచట నున్న ఒక్క చిన్న బల్లకై వారిరువురకు తగవు వచ్చినప్పుడు, తండ్రి నడుమ చొచ్చి ఆమెకు వారములో కొంతకాలము ఆ బల్ల ఇప్పించెను. ఆమెకు ఆ బల్ల వ్రాతకు కావలెను.

ఆన్ కేవలము దినచర్యయే వ్రాయలేదు. తనలోని కోపమును, తల్లితో పొసగకపోవుటను, పీటరుపై కలిగిన స్నేహమును, తన తప్పులను దాచక పరీక్షించుకొనెను. కథలు వ్రాసెను. ఫ్రెంచి భాషను, చరిత్రను చదివెను. యుద్ధము ముగిసిన పిదప పత్రికా రచయిత్రి కావలెనని ఆమె కోరిక. 1944 మార్చిలో, లండనునుండి ప్రసారమైన డచ్చి రేడియోలో మంత్రి బోల్కెస్టైన్, ప్రజలు యుద్ధకాలపు డైరీలను, ఉత్తరములను భద్రపరుపవలెనని కోరెను. అది విని ఆన్ తన డైరీని పుస్తకముగా ప్రచురింపదలచి, విడికాగితములపై తిరిగి వ్రాయ మొదలిడెను.

అప్పటికి ఆహారము కరవగుచుండెను. మే నెలలో, వారికి కూరలిచ్చు వర్తకుడు తన యింట ఇద్దరు యూదులను దాచినందుకు బంధితుడయ్యెను. వారు ఉదయపు భోజనమును మానుకొనిరి. జూన్ 6వ తేదీన మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సు తీరమున దిగినవను వార్త విని వారికి ప్రాణము లేచివచ్చెను.

కాని 1944 ఆగస్టు 4వ తేదీ ఉదయమున పోలీసులు వచ్చి బీరువాను తీయించిరి. వారికి జాడ యెట్లు తెలిసెనో నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఎనమండుగురతో పాటు కూగ్లర్, క్లైమన్‌లను కూడ బంధించిరి. ఆన్ కాగితములున్న సంచిని పోలీసు అధికారి నగలకొరకు నేలపై గ్రుమ్మరించెను. వారు పోయిన పిదప మీప్, బెప్ ఆ కాగితములను ఏరి దాచిరి. మీప్ పోలీసు కార్యాలయమునకు పోయి, ధనమిచ్చి వారిని విడిపింప ప్రయత్నించెను; అది ఫలింపలేదు.

సెప్టెంబరు 3వ తేదీన వారిని రైలులో ఆష్విట్జ్ శిబిరమునకు పంపిరి. తల్లి 1945 జనవరిలో అచటనే మరణించెను. అంతకు ముందే ఆన్, మార్గట్‌లను బెర్గెన్‌బెల్సెన్ శిబిరమునకు తరలించిరి. ఆకలి, చలి, టైఫస్ జ్వరము ఆ శిబిరమును పీడించెను. 1945 తొలి మాసములలో మొదట అక్కయు, పిదప చెల్లెలును ఆ జ్వరముతో కన్నుమూసిరి. ఏప్రిలు 15వ తేదీన బ్రిటిషు సేనలు ఆ శిబిరమును విడిపించెను. అప్పటికి ఆన్ పదునారేండ్లు నిండకయే పోయినది.

ఎనమండుగురిలో తిరిగి వచ్చినవాడు ఆటో యొక్కడే. కుమార్తెలు మరణించిరని తెలిసిన దినమున మీప్ ఆ కాగితములను అతని చేతిలో పెట్టెను. అంతవరకు ఆమె వానిని చదువలేదు. చదివియున్నచో, సహాయకుల పేర్లున్నందున కాల్చివేయవలసి వచ్చెడిది. తండ్రి వానిని 1947లో ప్రచురించెను. అది డెబ్బదికి పైగా భాషలలోనికి అనువదింపబడెను.

హాలెండునుండి నాజీలు పట్టి పంపిన యూదులు సుమారు 1,07,000 మంది. వారిలో తిరిగి వచ్చినవారు సుమారు 5,000 మంది మాత్రమే. దాగియున్నవారిలో మూడింట రెండు వంతులు బ్రదికిరి. ప్రాణములకు తెగించి తలుపు తెరచిన సామాన్యులవలననే వారు బ్రదుకగలిగిరి. ఆన్‌ను వారు రక్షింపలేకపోయిరి. కాని వారు కాపాడిన ఇరువదియైదు మాసములలోనే ఆమె రచయిత్రియయ్యెను. ఆ భవనము 1960లో ప్రదర్శనశాల అయినది. ఆ పుస్తకముల బీరువా నేటికిని అచటనే యున్నది.