హిడెయో నొగూచి

జపాను దేశమున ఫుకుషిమా ప్రాంతమందలి ఒక నిరుపేద రైతు కుటుంబమున 1876వ సంవత్సరమున నొగూచి జన్మించెను. పసితనమున పొయ్యిలో పడుటచే ఆతని ఎడమచేయి కాలి, వ్రేళ్లు అతుకుకొనిపోయెను. పొలము పనికి పనికిరాని కుమారుని తల్లి షికా రేయింబవళ్లు కష్టించి చదివించెను. ఉపాధ్యాయులును, సహపాఠులును చందాలెత్తి 1892లో ఆ చేతికి శస్త్రచికిత్స చేయించిరి. తనకు మేలుచేసిన ఆ విద్యనే తానును నేర్వవలెనని నిశ్చయించుకొని నొగూచి వైద్యుడయ్యెను.

1900లో ఆతడు అమెరికా చేరి, 1904 నుండి న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున పనిచేసెను. ఆ కాలమున పిచ్చాసుపత్రులలో అనేకులు క్రమముగా బుద్ధి నశించి, అవయవములు పట్టుదప్పి మరణించుచుండిరి. ఇందులకు సిఫిలిస్ అను అంటువ్యాధియే మూలమని కొందరు వైద్యులు తలచిరి. కాని నిస్సంశయమైన సాక్ష్యము దొరకలేదు. 1913లో నొగూచి మూర్ అను సహచరునితో కలిసి అట్టి రోగులు 70 మంది మెదడులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, కొన్నింటిలో ఆ మెలికల క్రిములను కనుగొనెను. క్రిమి మెదడును క్షీణింపజేయగలదని దీనివలన ఋజువయ్యెను. తరువాతి కాలమున పెనిసిలిన్ ఆ వ్యాధిని అరికట్టెను.

ఎల్లో ఫీవరు అను జ్వరమునకు కారణమైన క్రిమిని కనుగొంటినని నొగూచి ప్రకటించినది మాత్రము పొరపాటయ్యెను. నిజము తేల్చుకొనుటకై ఆఫ్రికా ఖండమునకేగి, 1928లో అక్రా నగరమున ఆతడు ఆ జ్వరముతోనే మరణించెను.

అల్జీమర్స్ వంటి మతిమరపు వ్యాధులలో సూక్ష్మక్రిములకు పాత్ర కలదా యని నేటి శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. వారి మార్గమున నొగూచి కృషి తొలి మెట్లలో నొకటి.