పాలసీసాకు పాశ్చర్ నేర్పిన శుభ్రం

గద్వాలలో మగ్గం ముందు కూర్చునే ఇల్లాలైనా, వనపర్తిలో బడికి వెళ్లే టీచరమ్మ అయినా, నాగర్‌కర్నూలు దగ్గర పత్తి చేనుకు పోయే తల్లి అయినా చంటిబిడ్డను నాయనమ్మకో అమ్మమ్మకో అప్పగించక తప్పని రోజులుంటాయి. అప్పుడే పాలసీసా ఇంట్లో అడుగుపెడుతుంది. సీసాను మరిగించాలని అందరికీ తెలుసు. కానీ ఎందుకు మరిగించాలి, మరిగించాక ఏం చేయకూడదు అనేదే చాలామందికి పట్టదు. ఈ రెండింటికీ జవాబు చూపించినవాడు తోళ్లు పదును చేసే ఒక సాదాసీదా మనిషి కొడుకు. పేరు లూయీ పాశ్చర్.

1822 డిసెంబరు 27న ఫ్రాన్స్‌లోని డోల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చదువులో మరీ చురుకైనవాడేం కాదు. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవాడు. పదమూడేళ్లకే తల్లి బొమ్మ గీశాడు. పోను పోను రసాయన శాస్త్రం మీద మనసు పడింది. 1849లో మేరీ లారెంట్‌తో పెళ్లయింది. పగలంతా ప్రయోగశాలలో గడిపి వచ్చిన భర్త చెబుతూ ఉంటే రాత్రిళ్లు ఆమె రాసిపెట్టేది. ఆయన పేరు వెనుక ఆ ఇల్లాలి కష్టం కూడా ఉందన్నమాట.

మనం రోజూ పాలు తోడు పెడతాం కదా! పొద్దున్నకల్లా పెరుగు తయారు. పాలు పులియడం ఉత్త రసాయన మార్పేనని అప్పటి పండితుల్లో చాలామంది నమ్మేవారు. అది కంటికి కనిపించని జీవుల పని అని 1857లో పాశ్చర్ వివరించాడు. పెరుగును చేసే జీవులు మనకు మంచివే. కానీ సీసా అడుగున మిగిలిన పాలచుక్కలో చెడ్డవీ అంతే హాయిగా పెరుగుతాయి. చిక్కంతా అక్కడే.

ఇంతటి శాస్త్రవేత్త ఇంట్లోనూ కడుపుకోత తప్పలేదు. పెద్ద కూతురు జీన్ తొమ్మిదేళ్ల వయసులో, 1859లో టైఫాయిడ్‌తో పోయింది. 1865లో రెండేళ్ల కామిల్ జబ్బుచేసి చనిపోయింది. మరుసటేడు పన్నెండేళ్ల సిసిలీని కూడా టైఫాయిడే తీసుకుపోయింది. అయిదుగురు పిల్లల్లో ఇద్దరే మిగిలారు. కలుషితమైన నీళ్లు, పాలు, చేతుల ద్వారా వచ్చే ఆ జబ్బు క్రిమిని గుర్తించింది 1880లో. అప్పటికి ఆ తల్లిదండ్రులకు ఆలస్యమైపోయింది.

ఆ రోజుల్లో మరో నమ్మకం ఉండేది. పదార్థం కుళ్లితే అందులోంచి క్రిములు వాటంతటవే పుట్టుకొస్తాయని! అది తప్పని నిరూపించడానికి 1860 ప్రాంతంలో పాశ్చర్ ఒక గాజుబుడ్డి తీసుకున్నాడు. దాని మెడను వేడిచేసి, సాగదీసి, హంస మెడలా వంచాడు. లోపలి ద్రవాన్ని మరగబెట్టాడు. గాలి తగులుతూనే ఉన్నా, దుమ్ము మాత్రం మెడ వంపులోనే ఆగిపోయింది. ఎన్ని రోజులైనా ద్రవం చెడలేదు. బుడ్డిని వంచి, ద్రవం ఆ దుమ్మును తాకేలా చేస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే పాడైపోయింది.

అమ్మలూ, పాలసీసా కథంతా ఈ బుడ్డిలోనే ఉంది. క్రిమి దానంతటది పుట్టదు, బయటినుంచి వస్తుంది. మరిగించడం సగం పనే. మరిగించాక దాన్ని ఏది తాకుతోందన్నది మిగతా సగం. శుభ్రంగా మరిగించిన సీసాను చీరచెంగుతో తుడిచామా, ఆ బుడ్డిని దుమ్ములోకి వంచినట్టే!

1868లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినా పాశ్చర్ పని మానలేదు. ఆ రోజుల్లో బాలింత జ్వరంతో ఎందరో తల్లులు చనిపోయేవారు. ఆ క్రిమిని తల్లులకు మోసుకెళుతున్నది వైద్యుల చేతులేనని 1879లో పారిస్ వైద్యుల సభలోనే చెప్పి, నల్లబల్ల మీద క్రిమి బొమ్మ వేసి చూపించాడు. తనూ ఊరికే చేతులు కడుక్కునేవాడు. భోజనానికి ముందు గ్లాసూ పళ్లెమూ తుడుచుకునేవాడు. చూసేవారికి అది చాదస్తం. ఆయన దగ్గర పనిచేసిన చాంబర్లాండే ఆస్పత్రుల్లో పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌ను తయారుచేశాడు.

1885లో తొమ్మిదేళ్ల బాలుడికి పిచ్చికుక్క కాటుకు టీకా వేయడంతో ఆయన కీర్తి ప్రపంచమంతా పాకింది. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు. తర్వాత 1910లో, పొడవాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలను ఫ్రాన్స్ నిషేధించింది. ఆ గొట్టం లోపల కడగడం ఎవరి తరమూ కాదు. దానివల్ల ఎందరో పసివాళ్లు బలైపోయారు.

ఆయన పేరుకు మన హైదరాబాద్‌తోనూ చుట్టరికం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో మొదలైంది కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక్క గదిలో. 1958లో హైదరాబాద్ వచ్చింది.

మరి ఇంట్లో మనం ఏం చేయాలి?

బిడ్డ తాగిన వెంటనే సీసాను చన్నీళ్లతో తొలిచి, వేడి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. పీకను తిరగేసి రుద్ది, రంధ్రంలోంచి నీళ్లు పోనివ్వండి. పాల జిడ్డు మిగిలితే దాని చాటున క్రిములు దాక్కుంటాయి. తర్వాత పెద్ద గిన్నెలో సీసా, పీక, మూత పూర్తిగా మునిగేలా నీళ్లు పోయండి. లోపల గాలి బుడగ ఉండకూడదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచండి. అవసరమయ్యేదాకా మూత తీయొద్దు. తీసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. గుడ్డతో తుడవకండి. పగిలిన పీక పారేయండి. బోరునీళ్లకు తెల్లటి పొర కడితే నిమ్మరసంతో రుద్ది, మళ్లీ కడిగి మరిగించండి.

డబ్బాపాల పొడిలోనూ క్రిములుండొచ్చు. కాబట్టి మరిగించిన నీళ్లు బాగా వేడిగా, అంటే అరగంట దాటకముందే పొడి కలిపి, చల్లార్చి పట్టండి. బిడ్డ తాగగా మిగిలిన పాలు దాచొద్దు.

అన్నిటికంటే మేలు తల్లిపాలే. ఆరు నెలల దాకా అవే చాలు. పాలసీసాల ప్రకటనలను 1992 నాటి చట్టం మన దేశంలో నిషేధించింది కూడా. తల్లి పనికి వెళ్లాల్సివస్తే పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి వెళ్లొచ్చు. పట్టడానికి మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. దానికి మెడా లేదు, గొట్టమూ లేదు, క్రిమి దాక్కునే మూలా లేదు. కడిగి మరిగిస్తే చాలు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరైనా మీ శుభ్రాన్ని చాదస్తమంటే అననివ్వండి, పాశ్చర్‌నూ అలాగే అన్నారు!