ఎమీ జాన్సన్ : క్రోయ్‌డన్ నుండి డార్విన్ వఱకు

రెండు నగరముల నడుమనున్న దూరము మాఱదు గాని, దానిని దాఁటుటకుఁ బట్టు కాలము మనుష్యుల పూనికవలన మాఱుచుండును. ఈ సంగతిని మన విద్యార్థులకుఁ దెలుపుటకై ఎమీ జాన్సన్ చరిత్రమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఈమె 1903 వ సంవత్సరము జూలై 1 వ తేదీన ఇంగ్లండు దేశమునందలి హల్ పట్టణమున జన్మించెను. తండ్రి చేఁపల వర్తకుఁడు. షెఫీల్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునఁ బట్టము పొంది, లండనులో నొక న్యాయవాది కార్యాలయమున ఉద్యోగము చేయుచు, తీఱికవేళల విమానము నడుపుట నేర్చుకొనెను. అంతతోఁ దృప్తిపడక, యంత్రమును విప్పి మరల బిగించు పనియు నభ్యసించి, 1929 లో గ్రౌండు ఇంజనీరు యోగ్యతాపత్రము పొందిన ప్రథమ బ్రిటిషు వనిత యయ్యెను.

తండ్రియు వేక్‌ఫీల్డు ప్రభువును ధనసహాయము చేయఁగా, ఒకరు వాడిన జిప్సీ మాత్ విమానమును గొని జేసన్ అని పేరు పెట్టెను. అది కొయ్యతోను గుడ్డతోను గట్టిన చిన్న విమానము. నడుపువారి తలపైఁ గప్పు లేదు. అప్పటికి ఆమె యొంటరిగాఁ జేసిన దూరప్రయాణము లండను నుండి హల్ వఱకు మాత్రమే.

1930 మే 5 వ తేదీన ఆమె క్రోయ్‌డన్ విమానాశ్రయమునుండి యొంటరిగా బయలుదేఱెను. ఆస్ట్రేలియాలోని డార్విన్ సుమారు 11,000 మైళ్ల దూరము. 1928 లో బెర్ట్ హింక్లర్ ఆ దూరమును పదునైదున్నర దినములలో దాఁటియుండెను. అంతకంటె శీఘ్రముగఁ జేరవలెనని యామె సంకల్పము. ఆఱవ దినమునకే కరాచీ చేరి, హింక్లర్ కంటె రెండు దినములు ముందుండెను. పిదప ఝాన్సీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా బర్మాకుఁ బోయెను.

రంగూనునొద్ద వర్షములో దారి తెలియక ఇన్‌సీన్ గ్రామమున నొక ఆటస్థలముపై దిగఁగా, విమానము గుంటలోఁ బడి ఱెక్కయు పంకాయు విఱిగెను. అచ్చటి సాంకేతిక పాఠశాలవారి తోడ్పాటుతో బాగుచేయుటకుఁ గొన్ని దినములు పట్టెను. హింక్లర్‌ను మించు నాశ యంతటితో సన్నగిల్లెను. ప్రయాణము మానుకొన్నచో నామెను నిందించువారు లేరు. అయినను ఆమె మానలేదు. తుదకు టిమోరు నుండి సుమారు 500 మైళ్ల సముద్రమును దాఁటి, మే 24 వ తేదీన డార్విన్‌లో దిగెను. ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానము నడిపిన మొదటి స్త్రీ యీమెయే. పట్టిన కాలము పందొమ్మిదిన్నర దినములు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆమె సైన్యమునకు విమానములను జేరవేయు పనిలోఁ బ్రవేశించెను. 1941 జనవరి 5 వ తేదీన దారితప్పి, థేమ్స్ నదీముఖమున పారాషూటుతో నీటఁబడి మరణించెను. దేహము దొరకలేదు. నీటిలో నున్నవారిని రక్షింపఁబోయి, హేజిల్‌మియర్ అను నోడ నాయకుఁడు వాల్టర్ ఫ్లెచరును ఆ చలినీటిలో దుమికి ప్రాణము విడిచెను. పరులకొఱకుఁ బ్రాణమిచ్చిన యాతని పేరును మన బాలురు మఱువరాదు.

2018 మార్చిలో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుండి లండనుకు నడుమ నెచ్చటను దిగని విమానయాత్ర ప్రారంభమయ్యెను. సుమారు 9,000 మైళ్ల యా దూరమునకుఁ బట్టు కాలము పదునేడు గంటలు మాత్రమే. జేసన్ విమానము లండను సైన్సు మ్యూజియమున భద్రపఱుపఁబడినది. బహుమానము చేజాఱినను పూనిన పనిని విడువని యామె పట్టుదల మన పాఠశాల బాలబాలికలకు అలవడుఁగాక యని కోరుచున్నాము.