లెక్కల సన్యాసి లూకా పచోలీ



మిరపకాయలు యార్డుకు తోలి, డబ్బు చేతికి వచ్చే రోజుల్లో మా అమరావతి వైపు ఏ ఇంటికి వెళ్ళినా ఒక కాగితాల కట్ట కనబడుతుంది. కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలు, పురుగుమందుల కొట్టు బిల్లులు, కోత కూలీల లెక్క రాసిన నోటుబుక్కు, బ్యాంకు పాసుబుక్కు. వీటిలో ఏ రెండూ ఒక మాట చెప్పవు. ఈ సంవత్సరం పాస్కా పండుగకు మా అన్నయ్యగారి అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి, ఇంటి లెక్కలన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తానని కూర్చున్నాడు. నోటుబుక్కు ప్రకారం బ్యాంకులో ఉండవలసిన నిల్వ 18,450 రూపాయలు. పాసుబుక్కులో ఉన్నది 24,300. పురుగుమందుల కొట్టుకు 6,000 ఇచ్చినట్టు వదినగారు రాశారు గాని బ్యాంకులో ఆ జాడ లేదు. ఆ డబ్బు నిజంగా కొట్టుకే వెళ్ళిందా అని కుర్రవాడు అనుకోకుండా అనేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి లెక్క రాస్తున్న మనిషి ఆమె. పండుగపూట ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఆ సాయంత్రం నాకు గుర్తుకు వచ్చినవారు ఐదు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో జీవించిన ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి. పేరు లూకా పచోలీ. దరిద్ర వ్రతం పట్టిన సన్యాసికి డబ్బు లెక్కలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఆయన కాలంలో ఆయన సభవారే ఆ మాట అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు.

లూకా సుమారు 1447లో టస్కనీ ప్రాంతంలోని బోర్గో సాన్‌సెపోల్క్రో అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆ పేరుకు అర్థం పవిత్ర సమాధి. ప్రభువు సమాధినుంచి లేచే దృశ్యాన్ని గోడమీద చిత్రించి పేరుపొందిన పియేరో దెల్లా ఫ్రాంచెస్కా ఆ ఊరివారే. లెక్కల్లో కూడ పియేరో ఘనుడు. ఆయన పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

యౌవనంలో లూకా వెనీసు నగరం చేరి, రోంపియాసి అనే వర్తకుని ఇంట్లో ముగ్గురు కుమారులకు చదువు చెప్పే పని కుదుర్చుకున్నారు. ఆ ముగ్గురి కోసమే 1470లో ఒక లెక్కల పుస్తకం రాశారు. ఆ రోజుల్లో వెనీసు అంటే మన గుంటూరు యార్డు, మచిలీపట్నం రేవు కలిపి ఎన్నో రెట్లు చేసినట్టు ఉండేది. ఓడ వెళ్తే ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు. సరుకు ఒకరిది, ఓడ మరొకరిది, అప్పు ఇంకొకరిది. అక్కడి వర్తకులు ప్రతి వ్యవహారాన్ని రెండుచోట్ల రాసే పద్ధతిని అప్పటికే వాడుతున్నారు. ఒకచోట ఖర్చు, మరోచోట జమ. లూకా దానిని కనిపెట్టలేదు. జెనోవా నగరపు 1340నాటి ఖాతా పుస్తకాల్లోనే ఆ పద్ధతి ఉంది. లూకా చేసినది చూసి నేర్చుకోవడం, తరువాత అందరికీ చెప్పడం.

1470 తరువాత కొద్ది సంవత్సరాలలో ఆయన అస్సీసీపుర ఫ్రాన్సిస్‌వారి సభలో చేరారు. 1477 నుంచి పెరూజియాలో లెక్కలు బోధించారు. ఊరూరా తిరిగి పాఠాలు చెప్పడం ఆయన జీవితం. అందరూ మెచ్చుకొన్నారని కాదు. జగద్గురువుల నుంచి పొందిన కొన్ని ప్రత్యేక అనుమతులవలన సొంత ఊరి మఠంలోనే అసూయలు రేగాయి. 1491లో ఆ పట్టణపు పిల్లలకు పాఠం చెప్పరాదని ఆయనను ఆపారు. రెండేళ్ళ తరువాత అదే ఊరిలో తపస్సుకాలపు ప్రసంగాలు చేశారు.

1494 నవంబరులో వెనీసులో ఆయన పెద్ద గ్రంథం అచ్చయింది. 600కు పైగా పుటలు. పండితుల లాటిను భాషలో గాక ప్రజల ఇటాలియను భాషలో రాశారు. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం అన్నీ ఉన్న ఆ పుస్తకం మధ్యలో 36 చిన్న అధ్యాయాలు వర్తకుల ఖాతాలను గురించి ఉన్నాయి. లోకం ఆయనను గుర్తుపెట్టుకున్నది ఆ కొద్ది పుటలకే.

ఆ అధ్యాయాలలో ఏముందో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన పెద్దల చిట్టా ఆవర్జాలు చూసినవారికి అది పరాయి విషయం కాదు. ముందు దేవుని నామంతో మొదలుపెట్టమంటారు. మొదటి పుస్తకంమీద సిలువ గుర్తు వేయమంటారు, పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు ముందు సిలువ గుర్తు ఉన్నట్టే. తరువాత ఇంట్లో ఉన్నదంతా ఒకే రోజున జాబితా రాయాలి. రొక్కం, నగలు, బట్టలు, మంచాలు, భూమి, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన అప్పులు, ఏదీ వదలకూడదు. అప్పులు దాచి ఆస్తులు మాత్రం రాసే అలవాటు అప్పటికీ ఉండి ఉంటుంది!

ఆ తరువాత మూడు పుస్తకాలు. మొదటిది రోజువారీ చిట్టా. జరిగింది జరిగినట్టు, ఏ నాణెంలో జరిగితే ఆ నాణెంలోనే గబగబా రాసేది. యజమాని ఇంట లేనప్పుడు పనివారు, రాయడం వచ్చిన ఇంటి ఆడవారు కూడ ఇందులో రాయవచ్చునని లూకా స్పష్టంగా చెప్పారు. 1494లో ఒక సన్యాసి ఆ సంగతి గుర్తించడం నాకు ఎంతో నచ్చింది. రెండవది దినవహి, చిట్టాలో ఉన్నదాన్ని ఒకే నాణెంలోకి మార్చి వరుసగా రాసేది. మూడవది ఆవర్జా. అందులో ఎడమవైపు ఖర్చు, కుడివైపు జమ, ప్రతి పద్దు రెండుచోట్ల. పొరపాటు జరిగితే చెరిపివేయరాదు. దాని పక్కన గుర్తు పెట్టి, అదే మొత్తాన్ని ఎదుటివైపు మళ్ళీ రాయాలి. తప్పు జరిగినట్టు కూడ పుస్తకంలో కనబడాలన్నమాట.

ఇక తాళా చూడడం. ఇది ఒక్కడు చేసే పని కాదంటారు లూకా. దినవహి సహాయకుని చేతికి ఇచ్చి, ఆవర్జా నీవు పట్టుకో. అతడు ఒక్కొక్క పద్దు పైకి చదవాలి. నీవు నీ పుస్తకంలో దాన్ని వెదకి, సరిపోతే చిన్న చుక్క పెట్టాలి. అతడూ తన పుస్తకంలో చుక్క పెట్టాలి. చివర ఏ పుస్తకంలోనైనా చుక్కలేని పద్దు మిగిలితే అక్కడ ఏదో ఉంది. తరువాత ఖర్చులన్నీ ఒకచోట, జమలన్నీ ఒకచోట కూడి, రెండూ సమానం కాకపోతే, దేవుడిచ్చిన తెలివితో తప్పు దొరికేదాకా వెదకమంటారు.

బ్యాంకులను గురించీ ఒక అధ్యాయం ఉంది. బ్యాంకులోను, ప్రభుత్వ కార్యాలయాల్లోను గుమస్తాలు తరచు మారుతుంటారు, ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు, వచ్చినవాడు వెళ్ళినవాడిమీద నెపం పెడతాడు, కాబట్టి నీ పుస్తకం నీవు సరిగా ఉంచుకొని రసీదు అడిగి తీసుకో అంటారు. అయిదు వందల ఏళ్ళలో గుమస్తాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. బ్యాంకుల పేర్లు కూడ మారతాయి. 1923లో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఖాతాదారుని ఇంట్లో ఉన్న సొంత పుస్తకం మాత్రం ఏ విలీనంలోనూ పోదు.

పుస్తకం వచ్చాక లూకా పేరు పెరిగింది. మిలాను ప్రభువు లుడోవికో స్ఫోర్జా పిలిపించుకున్నాడు. అక్కడ ఆయనకు లియొనార్డో దా విన్సీతో స్నేహం కలిసింది. అదే కాలంలో లియొనార్డో అక్కడి మఠపు భోజనశాల గోడమీద ప్రభువు కడరాత్రి భోజన చిత్రాన్ని ముగిస్తున్నాడు. లూకా రాసిన దివ్య నిష్పత్తి అనే గ్రంథానికి ఘనాకృతుల బొమ్మలు వేసింది లియొనార్డోయే. 1499లో ఫ్రెంచివారు మిలానును పట్టుకోగా ఇద్దరూ ఫ్లోరెన్సుకు వెళ్ళారు.

ఒక మచ్చ కూడ చెప్పాలి. 1509లో అచ్చయిన ఆ గ్రంథంలో మూడవ భాగం, పైన చెప్పిన పియేరో లాటినులో రాసిన పుస్తకానికి ఇటాలియను అనువాదం. పియేరో రచన అని లూకా అక్కడ చెప్పలేదు. 1550లో వజారీ అనే రచయిత ఈ దొంగతనాన్ని గట్టిగా బయటపెట్టాడు. ఎవరి పద్దు వారి పేరున రాయాలని లోకానికి నేర్పినవారు తమ ఊరి గురుతుల్యుని పద్దు రాయడం మరిచారు. ఇది చిన్న తప్పని నేను అనుకోను.

1510లో ఆయన సొంత ఊరి మఠానికే అధికారి అయ్యారు. 1514లో జగద్గురువులు పదవ లియో రోమునగరంలో బోధించేందుకు పిలిచారు. 1517లో సాన్‌సెపోల్క్రోలోనే కన్నుమూశారు. 1543 నాటికి ఆయన పద్ధతిని చెప్పే పుస్తకాలు ఆంట్వెర్పులోను, లండనులోను వచ్చాయి.

మళ్ళీ అన్నయ్యగారి ఇంటికి వద్దాం. కంప్యూటరు ప్రోగ్రాములో బ్యాంకు నిల్వ టైపు చేస్తే, నోటుబుక్కు పద్దులన్నీ వరుసగా వస్తాయి. పాసుబుక్కులో ఉన్న ప్రతిదానికి గుర్తు పెట్టుకుంటూ పోవాలి. అడుగున తేడా అని ఒక అంకె ఉంటుంది, అది సున్నా కావాలి. కాకపోతే, ఆ తేడాను ఒక్క పద్దుగా నేనే రాసి సరిచేయనా అని యంత్రం అడుగుతుంది. కుర్రవాడు అది నొక్కబోయాడు. నొక్కితే 5,850 రూపాయల తేడా మాయమయ్యేది, వాళ్ళమ్మమీద పడిన మాట మాత్రం అలాగే ఉండిపోయేది. నేను వద్దన్నాను. లూకావారి పద్ధతిలో కూర్చోబెట్టాను. వదినగారు నోటుబుక్కు పట్టుకొని పైకి చదివారు, వాడు యంత్రంలో గుర్తులు పెట్టాడు.

గంటలోపల మూడు సంగతులు తేలాయి. బ్యాంకువారు రుసుము కింద పట్టుకున్న 60 రూపాయలు మన పుస్తకంలో లేవు. అది రాస్తే పుస్తకం నిల్వ 18,390. జమ చేసిన 1,450ని 1,540గా రాశారు. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది, ఇక్కడ 90. ఆ చేతిరాత కొడుకుదే, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు రాసినది. అది దిద్దితే 18,300. మూడవది ఆ 6,000. అది చెక్కు. 24,300లోంచి తీసివేస్తే అదీ 18,300.

అన్నయ్య కొట్టుకు ఫోను చేశారు. చెక్కు సొరుగులోనే ఉందట. చెక్కు మూడు నెలలే చెల్లుతుందని గుర్తుచేసి పెట్టేశారు. కుర్రవాడు ఏమీ మాట్లాడకుండా లేచి వాళ్ళమ్మకు కాఫీ పెట్టి తెచ్చాడు. ఆ ఒక్క పద్దు ఎదుట గుర్తు పెట్టకుండా ఖాళీగా ఉంచారు. మరుసటి వారం అది పాసుబుక్కులో పడింది.