సర్ అక్బర్ హైదరీ: ఒక విశ్వవిద్యాలయ నిర్మాత

హైదరాబాదు పాతనగరమున, మూసీనది దక్షిణపు టొడ్డున, హైకోర్టునకు చేరువగా సిటీ కళాశాల భవనమున్నది. 1921లో ఇచ్చటి పాఠశాలకు ఇంటర్మీడియట్ తరగతులు చేర్చి, దానిని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఏలుబడిలో నుంచిరి. ఆ విశ్వవిద్యాలయమున శాస్త్రములను గూడ ఉర్దూలోనే బోధించుచుండిరి. ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యముగ మాత్రముండెను. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట సాధ్యమని నమ్మి, ఆ నమ్మకమును పలువురకు కలిగించిన వారిలో సర్ అక్బర్ హైదరీగారు ముఖ్యులు.

హైదరీగారు 1869లో బొంబాయిలో జన్మించిరి. యౌవనముననే ప్రభుత్వ ఆర్థికశాఖలో చేరి, 1905లో గణాంకాధికారిగా హైదరాబాదునకు వచ్చిరి. లెక్కలు చూచుట వారి వృత్తి. కాని విద్యావ్యయమును వారు రూపాయలతో మాత్రమే కొలువలేదు. పరభాషలో చదువు బాలుని శక్తి గ్రహణమునకు గాక కంఠస్థమునకే వ్యయమగుచున్నదని వారి చింత. పాతనగరమున సాలార్జంగు కాలమున వెలసిన దారుల్ ఉలూమ్ పూర్వవిద్యార్థులు అదివరకే విశ్వవిద్యాలయమును కోరియుండిరి. ఆ కోరికకు హైదరీగారు స్పష్టమైన రూపమిచ్చి, 1917లో నిజామునకు విజ్ఞాపనపత్రము సమర్పించిరి. ఆ యేడు ఏప్రిల్ 26న మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ఆమోదించి ఫర్మానా వెలువరించెను.

ఫర్మానా వెలువడినంతనే పాఠ్యగ్రంథములు పుట్టవు గదా! అందుకై ఆ సంవత్సరమే అనువాదశాఖ నేర్పరచి, మౌల్వీ అబ్దుల్ హక్ గారికి అప్పగించిరి. శాస్త్రజ్ఞులును భాషాపండితులును కలిసి కూర్చుండి ఒక్కొక్క పారిభాషిక పదమును చర్చించి కల్పించిరి. వందలకొలది గ్రంథములు వెలువడెను. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలోని యొక భవనమున 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యెను. తరువాత అడిక్‌మెట్ ప్రాంతమున విశాలమైన భూమి లభించెను. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమయ్యెను. ప్రభువు ధనమిచ్చెను, పండితులు తమ జీవితకాలము నిచ్చిరి, హైదరీగారు వారిని ఒక్క లక్ష్యమునకు కూర్చిరి.

అయినను ఈ ఔదార్యమునకు ఎల్లలుండెను. రాజ్యమున అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి కవి అచ్చట తెలుగు బోధించినను, ఆ భాష పాఠ్యవిషయమే గాని బోధనభాష కాలేదు. పరభాషాభారము తొలగింపనెంచిన సంస్థయే తెలుగు, మరాఠీ, కన్నడ బాలురకు వేరొక భారమయ్యెను. 1938లో వసతిగృహములందు వందేమాతర గీతమును పాడరాదని నిషేధింపగా, ధిక్కరించిన విద్యార్థులను వందలకొలది బహిష్కరించిరి. అప్పుడు ప్రధానమంత్రి హైదరీగారే. ఆ బాలురకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపులు తెరచెను. అట్లు చేరినవారిలో పి.వి. నరసింహారావు గారొకరు.

1942లో హైదరీగారు కీర్తిశేషులైరి. 1948 తరువాత బోధనభాషయు ఇంగ్లీషునకు మారెను. కాని తన భాషలో నేర్చుకొను హక్కు విద్యార్థికి కలదని వారు లేవనెత్తిన ప్రశ్న నేటికిని మన తరగతిగదులలో నిలిచియున్నది. కట్టినవారి త్యాగము వలన విశ్వవిద్యాలయము లేచి నిలుచును. అందు చదువు ప్రతి బాలుడును అది తనదే యని తలచిననాడు వర్ధిల్లును. హైదరీగారి జీవితము మొదటిదానికి సాక్ష్యము. వారి కాలమున నాగపూరునకు పయనమైన బాలురు రెండవదానిని గుర్తుచేయుచున్నారు.