గాజు తొట్టిలో సముద్రము: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితము

ఇంటిలో గాజు తొట్టి పెట్టి, ఉప్పునీరు నింపి, పగడములను, రంగురంగుల సముద్రజీవులను పెంచు వేడుక నేడు మన నగరములకును వచ్చినది. నీటిని కదిలించు యంత్రములు, పగడములకు వెలుగునిచ్చు దీపములు, సంచులలో కట్టిన లవణములు అన్నియు అంగడిలో లభించుచున్నవి. ఇవి యేవియు లేని కాలమున, ఒక గాజుపాత్రలో సముద్రమును బ్రతికించు ఉపాయమును సామాన్య జనులకు నేర్పిన మహనీయుడు ఫిలిప్ హెన్రీ గాస్. ఆ విద్యను నేర్పినందుకే ఆయన పిదప మిక్కిలి దుఃఖింపవలసి వచ్చెను. ఆయన విద్యయు, ఆయన దుఃఖమును, రెండును ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినవి.

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లండులోని వూస్టర్ పట్టణమున జన్మించెను. తండ్రి ఊరూరు తిరిగి చిన్న చిన్న రూపచిత్రములు వ్రాసి జీవించు చిత్రకారుడు. ఆదాయము స్వల్పము. బాల్యము పూల్ అను రేవుపట్టణమున గడచెను. కుంచె పట్టుట తండ్రిని చూచి నేర్చెను. సముద్రపుటొడ్డున బండల నడుమ నిలిచిన మడుగులలోని జీవులను చూపి, వాటి పేర్లు చెప్పినది మేనత్త సుసాన్ బెల్. పిల్లవానికి ఒక పురుగును చూపి దాని పేరు చెప్పు పెద్దలు ఇంటనుండుట ఎంత భాగ్యమో ఆయన చరిత్ర చెప్పుచున్నది.

చదువు సాగించుటకు ధనము లేక, 1827లో, పదునేడవ యేట, గాస్ అట్లాంటిక్ మహాసముద్రమును దాటి న్యూఫౌండ్లాండు దీవిలోని కార్బొనియర్ అను ఊర వర్తకుల కచేరీలో గుమాస్తాగా చేరెను. 1832లో సూక్ష్మదర్శినిని గూర్చిన పాత గ్రంథమొకటి కొనెను. నాటినుండి పనివేళల పద్దులు వ్రాయుట, తీరికవేళల పురుగులను పట్టి పరిశీలించుట ఆయన నిత్యకృత్యమయ్యెను. 1835లో కెనడాకు పోయి సేద్యము చేయబోయి మూడేండ్లలో నష్టపోయెను. 1838లో అమెరికాలోని అలబామాకు పోయి తోటల యజమానుల బిడ్డలకు పాఠములు చెప్పెను. అక్కడి బానిసల దుస్థితిని చూచి మనసు విరిగి, మరుసటి యేడు స్వదేశమునకు మరలెను. లండనులోని హాక్నీలో చిన్న బడి నడపెను. 1840లో తొలి గ్రంథము వెలువడెను. 1844లో జమైకా దీవికి పోయి, పదునెనిమిది నెలలుండి, అచ్చటి పక్షులను గూర్చి ప్రామాణిక గ్రంథము వ్రాసెను.

1848లో ఎమిలీ బౌస్ అను విదుషీమణిని వివాహమాడెను. మరుసటి సెప్టెంబరున కుమారుడు ఎడ్మండ్ జన్మించెను. ఆనాటి దినచర్యలో కొడుకు పుట్టిన వార్తను, జమైకానుండి ఒక పక్షి వచ్చిన వార్తను గాస్ ఒకేచోట వ్రాసికొనెను. దీనిని బట్టి ఆయనను కఠినహృదయుడనుకొనరాదు. ఆయనకు రెండును సృష్టికర్త ఇచ్చిన కానుకలే. దైవభక్తి, ప్రకృతి పరిశీలన ఆయనకు వేరు వేరు పనులు కావు.

ఎడతెగని వ్రాతపనిచే ఆరోగ్యము చెడగా, 1852లో భార్యాపుత్రులతో డెవన్ తీరమునకు చేరెను. సెంట్ మేరీచర్చిలోను, పిదప ఇల్ఫ్రకూములోను నివసించుచు, అమావాస్యకును పున్నమికిని సముద్రము మిక్కిలి వెనుకకు తీసిన వేళల, సుత్తియు ఉలియు చేతబట్టి బండల మీదికి పోయెడివాడు. పువ్వువలె విచ్చుకొని, తాకినంతనే ముడుచుకొను సముద్రపుపువ్వులు ఆయనను ఆకర్షించెను. చూపునకు పుష్పములే గాని అవి వేటాడు జంతువులు. వాటి చుట్టములే పగడపు జీవులు. శీతల సముద్రమైన అచ్చటకూడ ఒంటిగా పెరుగు పగడములు కలవు. ఎరుపు, పసుపు వన్నెలుగల అట్టి పగడమునొకదానిని ఇల్ఫ్రకూము బండలలో కనుగొని లోకమునకు తెలిపినది గాస్ మహాశయుడే.

అయితే వాటిని ఇంట బ్రతికించుట ఎట్లు? పాత్రలో సముద్రజలము పోసి జీవులను విడిచినచో కొద్దిరోజులలో నీరు చెడి అవి చచ్చెడివి. 1846లో ఆనా థిన్ అను వనిత టోర్కీ తీరమునుండి పగడపు జీవులను లండనుకు తెచ్చి, పనిమనిషిచేత ప్రతిదినము నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయించి, గాలి తగులునట్లు చేసి వాటిని కాపాడెను. మరుసటి యేడు సముద్రపు నాచును గూడ చేర్చెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి పాత్రలో చేపలు, నీటిమొక్కలు, నత్తలు కలిపి పెంచి కారణమును వివరించెను. జంతువులు విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహించును; మొక్కలు వెలుతురున విడుచు ప్రాణవాయువును జంతువులు పీల్చును; కుళ్ళిన ఆకులను నత్తలు తినును. ఈ సూత్రము ఉప్పునీటికిని చెల్లునని గాస్ స్వయముగా పరీక్షించి 1852లో ప్రకటించెను. 1853 మే నెలలో లండను జంతుప్రదర్శనశాలలో తెరచిన మత్స్యగృహమునకు జీవులను సేకరించి పంపినవారిలో ఆయన ఒకడు.

1854లో ఆయన గ్రంథము ది అక్వేరియం వెలువడెను. స్వహస్తముతో చిత్రించిన రంగు బొమ్మలు అందు కలవు. నేడు మన పిల్లలు సహితము పలుకు అక్వేరియము అను మాట జనుల నోట నిలిచినది ఈ గ్రంథము వలననే. మరుసటి యేడు వెల తక్కువగు చిన్న కరదీపికను గూడ ప్రచురించెను.

ఆయన పద్ధతి సులభమైనది. మొదట పాత్రలో సముద్రజలము పోసి, రాళ్ళకు అంటి పెరుగు పచ్చని నాచును ఉంచవలెను. నాచును రాతినుండి పెరుకరాదు, రాతితోడనే తేవలెను. అది నిలద్రొక్కుకొనిన పిమ్మటనే జంతువులను విడువవలెను. వాటి సంఖ్య మితముగా ఉండవలెను. గాజునకు పట్టు పాచిని తినుటకు నత్తలుండవలెను. చచ్చినదానిని వెంటనే తీసివేయవలెను. ఎండ ఎక్కువైనచో తెర వేయవలెను. ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. కావున తరిగిన మేరకు మంచినీరే పోయవలెను. సముద్రమునకు దూరమున ఉన్నవారి కొరకు కృత్రిమ జలమును గూడ ఆయన కల్పించెను: నాలుగు క్వార్టులకు కొంచెము తక్కువ నీటికి, అనగా సుమారు నాలుగున్నర లీటర్లకు, వాడుక ఉప్పు 3½ ఔన్సులు, ఎప్సం లవణము ¼ ఔన్సు, మెగ్నీషియం క్లోరైడు 200 గ్రెయినులు, పొటాసియం క్లోరైడు 40 గ్రెయినులు. నేడు అంగడిలో దొరకు లవణపు సంచికి ఇదియే పూర్వరూపము. జంతువుల మలినమునుండి పుట్టు విషమును హరించు బాక్టీరియా రాళ్ళను ఆశ్రయించి యుండునను సంగతి ఆనాడు తెలియదు. అయినను రాతితోడనే నాచును తెమ్మనుటచే ఆ మేలును ఆయన పాఠకులకు లభించెను.

1856లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. కీర్తితోపాటు కష్టమును వచ్చెను. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ముపుండుతో మరణించెను. ఆ యేడే, భూమి వయస్సును గూర్చి శిలలు చెప్పు సాక్ష్యమును బైబిలుతో సమన్వయింప దలచి, భగవంతుడు భూమిని గతకాలపు గుర్తులతోనే సృష్టించెనని వాదించుచు ఆంఫలాస్ అను గ్రంథము వ్రాసెను. శాస్త్రజ్ఞులును భక్తులును దానిని త్రోసివేసిరి. చూచిన దానిని చూచినట్లు వ్రాయుటలో సాటిలేని వాడు, నమ్మిన దానిని విడువలేక ఇచ్చట తడబడెను.

మాతృహీనుడైన బాలునితో సెంట్ మేరీచర్చిలో స్థిరపడి, మరల మడుగులనే ఆశ్రయించెను. 1858 మొదలు 1860 వరకు బ్రిటిషు తీరముల సముద్రపుపువ్వులు, పగడములను గూర్చిన బృహద్గ్రంథమును వెలువరించెను. 1860లో ఎలైజా బ్రైట్వెన్ను వివాహమాడెను.

ఇంతలో దేశమంతట అక్వేరియపు వెర్రి ప్రబలెను. గాజుపై పన్ను 1845లో రద్దగుటచే తొట్లు చవుకయ్యెను. రైళ్ళు సముద్రతీరమును దగ్గర చేసెను. గాస్ పుస్తకములు చదివినవారు సుత్తులతో, బుట్టలతో గుంపులు గుంపులుగా వచ్చి మడుగులను పెకలించి, దొరకిన జీవినెల్ల కొనిపోయిరి. వాటిలో అనేకము దారిలోనే చచ్చెను. మిగిలినవి ఓపికలేని ఇండ్లలో చచ్చెను. యుగయుగములుగా మనుష్యుని చేయి సోకని ఆ మడుగులు కొన్ని సంవత్సరములలో వట్టిపోయెను. తండ్రి ఎంతో భక్తితో చూచిన ఆ తీరములు ఆయన గ్రంథముల ప్రచారము వలననే పాడయ్యెననియు, అందుకు ఆయన తీవ్రముగా నొచ్చుకొనెననియు ఎడ్మండ్ 1907లో వెలువరించిన స్వీయగాథలో తెలిపెను. గాస్ 1886లో రోటిఫరులను గూర్చిన గ్రంథమును హడ్సనుతో కలిసి పూర్తిచేసి, 1888 ఆగస్టు 23వ తేదీన కన్నుమూసెను.

గాస్ చేసిన తప్పేమి? తాను చూచిన సౌందర్యమును పదిమందికి చూపదలచెను. ఉపాధ్యాయులందరును చేయు పనియే అది. అయితే ఆయన చేతికి గల ఓపిక చదివినవారి చేతులకు రాలేదు. విద్యతోపాటు వినయమును నేర్పనిచో విద్యయే విధ్వంసమునకు దారితీయును. మన దేశమున 2001 నుండి రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి పట్టికలో చేరియున్నవి. వాటిని సముద్రమునుండి పెరికి తెచ్చుట నేరము. చట్టము రాకమునుపే ఒక తీరము వట్టిపోయి చెప్పిన పాఠమిది.

విశాఖపట్టణపు తీరమున బండల నడుమ, నీరు తీసిన వేళ, మనకును చిన్న చిన్న మడుగులు కనిపించును. ఉపాధ్యాయుడు తన విద్యార్థులను అక్కడికి కొనిపోయి, మోకాళ్ళపై కూర్చుండి తొంగిచూచుట నేర్పవలెను. సుత్తి మాత్రము ఇంటనే ఉంచి పోవలెను.